అల్పకాలిక విదేశవిద్య: సంస్కృతి, వర్తకము

వేసవి సెలవులలో గాని, చలికాలపు విరామములో గాని కళాశాల విద్యార్థులు కొందరు ఒక ఉపాధ్యాయుని వెంట పరదేశమునకు పోయి, రెండు వారములు మొదలు ఎనిమిది వారముల వరకు అచ్చట నుండి, ఒక విషయమును అభ్యసించి తిరిగి వచ్చుట నేడు పెక్కు దేశములలో వాడుకయైనది. ఇట్టి చదువును అల్పకాలిక విదేశవిద్య యని పిలువవచ్చును. వీనిలో అనేకములకు పాఠ్యవిషయము రెండు మాటలలో ఇముడును: ఆ దేశపు సంస్కృతి, ఆ దేశపు వర్తకము. చదువు ముగిసిన పిదప విద్యార్థికి డిగ్రీలో చేరు క్రెడిట్లు కొన్ని లభించును.

కళాశాలకు పోవు బిడ్డలు గల తెలుగు ఇండ్లలోను ఈ ప్రస్తావన వచ్చుచున్నది. పదిహేను దినములలో ఏమి నేర్చును, ఇది విహారయాత్రకు పెట్టిన పెద్ద పేరు కాదా యని తండ్రి సందేహించును. కంటితో చూడనిది పుస్తకములో చదివినంతమాత్రమున తెలియునా యని బిడ్డ వాదించును. ఇరువురి మాటలోను కొంత సత్యము కలదు. ఈ చదువు ఎట్లు పుట్టినది, ఎట్లు కురుచయైనది, దానిని ఏ కొలతతో కొలుచుచున్నారు, ఏవి యున్నచో అది ఫలించును అను విషయములను తెలిసికొన్నచో, ఆ వాదమును కోపతాపములు లేకుండ పరిష్కరించుకొనవచ్చును.

మొదటి ఎనిమిదిమంది

అమెరికా సంయుక్తరాష్ట్రములలో డెలావేర్ ఒక చిన్న రాష్ట్రము. అందలి విశ్వవిద్యాలయమున రేమండ్ కర్క్‌బ్రైడ్ అను యువకుడు ఫ్రెంచిభాషాధ్యాపకుడుగా నుండెను. ఆయన మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడుగా పనిచేసినవాడు. డిగ్రీ చదువులో మూడవ సంవత్సరమును విద్యార్థులు ఫ్రాన్సులోనే గడపవచ్చునని ఆయన 1921లో ప్రతిపాదించెను. విశ్వవిద్యాలయాధ్యక్షుడు వాల్టర్ హల్లిహెన్ ఆ ప్రతిపాదనను మెచ్చుకొని, దానికి కావలసిన ధనమునకై దాతలను ఆశ్రయించెను. పారిశ్రామికుడగు పియర్ డ్యూపాంట్ ధనసహాయము చేసెను. అప్పటి వాణిజ్యశాఖామంత్రి, అనంతరము దేశాధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ ప్రోత్సాహమిచ్చెను.

భాషాధ్యాపకుని ఆలోచనకు వాణిజ్యమంత్రి అండగా నిలుచుటలో వింత లేదు. యుద్ధానంతరము అమెరికా వర్తకము సముద్రములు దాటి వ్యాపించుచుండెను. పరభాష తెలిసి, పరదేశీయుల పద్ధతు లెరిగిన యువకులు ఆ వర్తకమునకు కావలసియుండిరి. కావున సంస్కృతి, వర్తకము అను జంట ఇటీవల ఎవరో ప్రకటనలకొరకు కల్పించినది కాదు. ఈ విద్య పుట్టినప్పుడే ఆ రెండును కలసి పుట్టినవి.

1923 జూలై 7వ తేదీన ఎనిమిదిమంది విద్యార్థులు కర్క్‌బ్రైడ్‌తో కలసి రోషాంబో అను ఓడ నెక్కిరి. వారు నేరుగా పారిసు నగరపు విశ్వవిద్యాలయములో చేరలేదు. మొదట నాన్సీ అను పట్టణములో ఆరు వారములు ఫ్రెంచి భాషనే అభ్యసించిరి. తరువాతనే పారిసులోని సోర్బాన్ విద్యాపీఠమునకు పోయిరి. వసతి ఫ్రెంచి కుటుంబముల ఇండ్లలో. తిరిగి వచ్చిన పిదప ఆ సంవత్సరపు చదువును డెలావేర్ విశ్వవిద్యాలయము తన డిగ్రీలో లెక్కించెను. 1925లో స్మిత్ కళాశాల తన విద్యార్థినులను పారిసునకు పంపెను. డెలావేర్ వారి పథకము రెండవ ప్రపంచయుద్ధముచే భంగపడి, 1948లో ముగిసెను గాని, అది వేసిన బాట నిలిచినది.

ఆ పథకమును పరిశీలించినచో మంచమునకు నాలుగు కోళ్ళవలె దానికి నాలుగు ఆధారములు కనబడును. ఒకటి, పాఠమునకు ముందు భాష. రెండు, హోటలు కాక ఆ దేశీయుని ఇల్లు. మూడు, వెంట నుండి దారి చూపు ఉపాధ్యాయుడు. నాలుగు, తిరిగి వచ్చిన పిదప లెక్కకు వచ్చు చదువు. వీనిలో ఏ ఒక్కటి లేకున్నను మంచము కుదురుగా నిలువదు.

సంవత్సరము వారములైన విధము

నేటి స్థితి వేరు. అమెరికాలో విదేశవిద్యను గూర్చి ఏటేట ప్రకటింపబడు లెక్కల ప్రకారము, 2018-19 విద్యాసంవత్సరమున 3,47,099 మంది విద్యార్థులు పరదేశములలో చదివి క్రెడిట్లు సంపాదించిరి. వారిలో మూడింట రెండు వంతులకు దగ్గరగా వేసవి చదువులకు గాని, ఎనిమిది వారములకు మించని చదువులకు గాని పోయినవారే. పూర్తి సంవత్సరము గడపినవారు నూటికి ముగ్గురైనను లేరు. కోవిడ్ వ్యాధి వ్యాపించిన కాలమున, అనగా 2020-21లో, ఈ సంఖ్య 14,549కి పడిపోయి, 2022-23 నాటికి మరల 2,80,716కి చేరెను. సంఖ్య కోలుకొన్నది గాని సంవత్సరపు చదువు మరల రాలేదు.

దీనికి కారణము విద్యార్థుల అలసత్వము కాదు. ఇంజనీరింగు, నర్సింగు, అకౌంటెన్సీ వంటి చదువులలో పాఠములు మెట్లవలె నొకదానిపై నొకటి యుండును. ఒక మెట్టు తప్పినచో సంవత్సరము పోవును. పగలు చదువుచు సాయంకాలము జీతమునకు పనిచేయు విద్యార్థి ఏడాదిపాటు ఆ పని విడువలేడు. ఇంట ముసలివారుగాని, చిన్నబిడ్డలుగాని గలవారికి అదే చిక్కు. కలిగినవారి బిడ్డలకు సంవత్సరము దొరకును. తక్కినవారికి దొరకునవి వారములే. కావున అల్పకాలిక విద్యను తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. అది లేనిచో ఎందరికో పరదేశపు చదువు ఏ రూపమునను అందదు.

ఐనను కాలము కురుచయైనప్పుడు ఏవి మొదట జారిపోవునో గమనింపవలెను. సాధారణముగా జారిపోవునవి మొదటి రెండు కోళ్ళు: భాష, ఇల్లు. రెండు వారములకొరకు ఆరు వారములు భాష నేర్చుట ఎందుకని నిర్వాహకులు తలంతురు. నలువదిమందిని ఇండ్లలో సర్దుట కష్టము గనుక హోటలులో దింపుదురు. ఉదయము బస్సు వచ్చును, కర్మాగారమున ఒక అధికారి ఇంగ్లీషులో ఉపన్యసించును, మధ్యాహ్నము మ్యూజియము, సాయంకాలము అంగడి. విద్యార్థులు తమలో తామే మాటలాడుకొని, తమలో తామే భుజించి, తమలో తామే ఛాయాచిత్రములు తీసికొని తిరిగి వత్తురు. తండ్రి శంకించినది ఈ విధమైన చదువునే. ఆ శంక సమంజసము.

క్రెడిట్ల లెక్క

చదువు ఎంత అనుదానిని దినములతో గాక శ్రమతో కొలుచుట యూరపు దేశములవారు అవలంబించిన పద్ధతి. దీని వెనుక ఒక కథ కలదు. రోము నగరమునకు చెందిన సోఫియా కొరాది అను న్యాయశాస్త్ర విద్యార్థిని 1957-58లో ఫుల్‌బ్రైట్ వేతనముపై న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున చదివి పట్టము పొందెను. స్వదేశమునకు వచ్చిన పిదప ఆ చదువును తన డిగ్రీలో చేర్చుమని కోరగా విశ్వవిద్యాలయమువారు నిరాకరించిరి. ఆ నిరాకరణమే ఆమెకు జీవితకార్యమును చూపినది. విద్యార్థి పరదేశమున చదివినది స్వదేశమున చెల్లవలెనని ఆమె 1969 నుండి ఏండ్లకొలది ప్రచారము చేసెను. 1987లో యూరపు దేశములు ఎరాస్మస్ అను పథకమును స్థాపించెను. తొలి సంవత్సరమున 11 దేశములనుండి 3,244 మంది విద్యార్థులు పోయిరి. అనంతరము దేశదేశముల చదువులను ఒకే త్రాసులో తూచుటకు ఉమ్మడి క్రెడిట్ల విధానమేర్పడెను.

ఆ విధానమున ఒక క్రెడిట్టునకు 25 మొదలు 30 గంటల శ్రమ. తరగతిలో కూర్చున్న కాలమేగాక, చదువుకొన్న కాలము, వ్రాసిన కాలము కూడ అందు చేరును. 2021లో ఆరంభమైన ఎరాస్మస్ నియమములలో అల్పకాలిక చదువునకు ప్రత్యేకముగ ఒక రూపము కల్పింపబడెను. దాని ప్రకారము విద్యార్థి పరదేశమున నుండవలసినది 5 మొదలు 30 దినములు. దానితోబాటు ఇంటినుండియే కంప్యూటరు ద్వారా ఇతరదేశ విద్యార్థులతో కలసి చేయవలసిన పని తప్పనిసరి. మొత్తముమీద కనీసము 3 క్రెడిట్లకు తగిన చదువుండవలెను.

ఈ లెక్కను విప్పి చూచినచో విషయము స్పష్టమగును. 3 క్రెడిట్లనగా కనీసము 75 గంటలు. ఐదు దినములు దినమునకు ఎనిమిది గంటల చొప్పున కష్టపడినను 40 గంటలే యగును. తక్కిన 35 గంటలు ప్రయాణమునకు ముందుగాని, తరువాతగాని చేయవలసినదే. అనగా అల్పకాలిక విద్యలో సగమునకు దగ్గరపడు భాగము స్వగృహముననే జరుగును. ప్రయాణమే చదువు అని భావించువారు ఈ భాగమును గుర్తింపరు.

మన దేశమున 2023లో ప్రకటింపబడిన జాతీయ క్రెడిట్ల విధానములో ఒక క్రెడిట్టునకు 30 గంటల అభ్యాసము నిర్ణయింపబడినది. 2022లో యూ.జీ.సీ. చేసిన నిబంధనల ప్రకారము, భారతీయ విశ్వవిద్యాలయము విదేశవిశ్వవిద్యాలయముతో ట్వినింగు ఒడంబడిక చేసికొన్నచో, విద్యార్థి తన డిగ్రీ క్రెడిట్లలో నూటికి 30 వరకు అచ్చట సంపాదింపవచ్చును. ఒడంబడిక లేనిచో పరదేశపు ధ్రువపత్రము గోడకు వ్రేలాడదీయుటకు పనికివచ్చునే కాని, డిగ్రీలో చేరునను నమ్మకము లేదు.

ప్రాతో నగరపు పాఠము

సంస్కృతి, వర్తకము వేర్వేరు పాఠములు కావని తెలిసికొనుటకు ఇటలీ దేశములోని ఒక పట్టణమును ఉదాహరణముగా తీసికొనవచ్చును. ఫ్లారెన్సు నగరమునకు సమీపమున ప్రాతో అను నేతపని పట్టణము కలదు. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయము 2001లో అచ్చట నొక విద్యాకేంద్రమును స్థాపించెను. కొద్ది వారములలో ముగియు పాఠములకై విద్యార్థులు అచ్చటికి వచ్చుచుందురు.

ఆ పట్టణమున పదునాలుగవ శతాబ్దిలో ఫ్రాంచెస్కో దాతీనీ అను వర్తకుడుండెను. 1348 నాటి మహామారిలో తల్లిదండ్రులను పోగొట్టుకొని, బాల్యముననే ఫ్రాన్సులోని అవిన్యోనుకు పోయి వర్తకము నేర్చెను. తరువాత స్వగ్రామము చేరి పీసా, జెనోవా, బార్సిలోనా మొదలగు రేవులలో కొట్లు నడపెను. 1410లో మరణించునప్పుడు తన ధనమును ప్రధానముగా బీదల సహాయార్థము వ్రాసియిచ్చెను. ఆయన చిట్టా ఆవర్జాలు, హుండీలు, ఓడసరుకుల భీమాపత్రములు, లక్షకు మించిన ఉత్తరములు నేటికిని ఆ పట్టణముననే భద్రముగా నున్నవి. వానిలో ఉన్నిధరలతోబాటు భార్యతో నడచిన ఉత్తరప్రత్యుత్తరములు, ఇంటి వంటకు పంపిన సరుకుల పట్టికలు కూడ కలవు. ఆ కాగితములలో వర్తకము ఎచ్చట ముగిసి సంస్కృతి ఎచ్చట ఆరంభమగునో గీత గీయుట ఎవరికిని సాధ్యము కాదు.

పందొమ్మిదవ శతాబ్దినుండి ప్రాతోలో పాత ఉన్నిబట్టల పేలికలను ఏరి, రంగులవారీగా వేరుచేసి, చీల్చి, మరల నూలు వడకి క్రొత్తబట్ట నేయు వృత్తి వర్ధిల్లెను. మన దేశమున పానిపట్టులో జరుగు పని ఇట్టిదే. 1990 దశకము మొదలు చైనాదేశపు వెంజౌ ప్రాంతమునుండి వేలకొలది కుటుంబములు అచ్చటికి వచ్చి కుట్టుపని కొట్లు పెట్టిరి. 2013 డిసెంబరు 1వ తేదీన అట్టి కొట్టులో అగ్నిప్రమాదము సంభవించి ఏడుగురు చైనా పనివారు మరణించిరి. వారు పనిచేసిన చోటనే నిద్రించుచుండిరి.

మూడు వారములకు ప్రాతో పోయిన విద్యార్థికి ఇంతకు మించిన వర్తకపాఠము ఎచ్చట దొరకును? మొదటి వారము దాతీనీ కాగితములను, వస్త్రప్రదర్శనశాలను చూచి, ఆ ఊరివారు బట్టను ఏ కన్నుతో చూతురో గ్రహింపవలెను. రెండవ వారము ఒక పాత ఉన్నికోటు పేలికగా వచ్చి క్రొత్తబట్టగా పోవువరకు ఎన్ని చేతులు మారునో, ప్రతి చేతియొద్ద ధర ఎంత పెరుగునో వ్రాసికొనవలెను. మూడవ వారము కుట్టుపని వీధులలో నడచి, చవుకగా అమ్ముడగు చొక్కా ధరలో కుట్టినవాని కూలి ఎంత అను ప్రశ్నను అడుగవలెను. ఆ ప్రశ్నకు పూర్తి సమాధానము దొరకకపోవచ్చును. ఐనను దానిని వెంట తీసికొనిపోయిన విద్యార్థి చూచునది వేరు, ప్రశ్న లేకుండ పోయినవాడు చూచునది వేరు.

తెలుగు నేర్చుటకు వచ్చినవారు

ఈ చదువు తెలుగుదేశమునకు ఎదురువైపునుండి కూడ వచ్చినది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారు 1961 మొదలు అనేక దశకములు భారతదేశమున తమ విద్యార్థులకు ఒక సంవత్సరపు చదువు నడపిరి. వారణాసిలో హిందీ, మదురైలో తమిళము, ఆంధ్రదేశమున తెలుగు నేర్చుటకు విద్యార్థులు వచ్చిరి. వారు స్వదేశముననే వేసవియంతయు భాషను అభ్యసించి బయలుదేరుట, వచ్చిన పిదప ఒక విషయమును స్వయముగా పరిశోధించి వ్యాసము వ్రాయుట ఆ చదువులోని నియమములు. హైదరాబాదు విశ్వవిద్యాలయము 1998లో విదేశవిద్యార్థులకొరకు ప్రత్యేకముగ ఒక విభాగమును స్థాపించెను. ఒక సెమిస్టరు చదువువారికి, వేసవిలో కొద్ది వారములు చదువువారికి కూడ అందు ఏర్పాట్లు చేయబడినవి.

పరదేశి తెలుగు నేర్చునప్పుడు అతనికి కష్టముగా తోచునది వర్ణమాల కాదు. కొద్దిదినములలో అది పట్టువడును. నీవు, మీరు అను మాటలలో దేనిని ఎవరియెడ వాడవలెనో తెలియక తడబడును. కూరలమ్ము స్త్రీని అమ్మా యని, ఆటోనడపు పెద్దవానిని బాబాయి యని పిలుచుట అతనికి వింతగా నుండును. అన్నిటికంటె సూక్ష్మమైనది మనము, మేము అను భేదము. ఇంగ్లీషున ఈ రెండింటికి ఒకటే మాట. తెలుగు వర్తకుడు కొనవచ్చినవానితో మన కొట్టు, మన సరుకు అనును. ఆ మన అను రెండక్షరములతో కొనువానిని తన పక్షమున చేర్చుకొనును. మేము ఇంతకు ఇయ్యలేము అన్నప్పుడు గీత గీసి అతనిని ఆవలి ప్రక్క నిలుపును. బేరము ఎచ్చట సాగునో, ఎచ్చట తెగునో ఆ మాటలోనే వినబడును. ఇది ఏ వ్యాపారశాస్త్ర గ్రంథమునను దొరకదు. నెలదినములు కొంచెము తెలుగుతో అంగడిలో తిరిగిన విద్యార్థికి దొరకును.

అల్పకాలమున భాష యంతయు రాదు. రావలసిన పనియు లేదు. కావలసినది మూడువందల మాటలు, ఎవరిని ఎట్లు సంబోధింపవలెనను తెలివి, తప్పు మాటలాడుటకు సిగ్గుపడని ధైర్యము. భాషను కొంచెమైనను ఎరిగినవానితో జనులు మాటలాడు తీరే వేరు.

బయలుదేరుటకు ముందు, తిరిగి వచ్చిన పిదప

ఇట్టి చదువునకు ధనము కట్టబోవు తల్లిదండ్రులు నిర్వాహకులను కొన్ని ప్రశ్నలు అడుగుట మంచిది. క్రెడిట్లు ఎన్ని, అవి స్వదేశపు డిగ్రీలో చేరునని కళాశాల వ్రాసియిచ్చునా? ప్రయాణమునకు ముందు భాషాపాఠములు ఎన్ని గంటలు? వసతి ఎవరితో? ఆ దేశపు విద్యార్థులతో కలసి చేయవలసిన పని ఏమైన కలదా? కర్మాగారములను చూపించుటయేనా, పనివారితోను, కొనువారితోను మాటలాడనిత్తురా? చివర విద్యార్థి వ్రాయవలసినదేమి, దానిని దిద్దువారెవరు? వీనికి సూటియైన జవాబులు లేనిచో ఆ చదువు యాత్రయే యని తెలిసికొనవలెను. యాత్ర తప్పు కాదు. చదువు పేరుతో యాత్రకు వెల కట్టుట తప్పు.

వీసా విషయమునను జాగ్రత్త యవసరము. యూరపులోని షెంగెన్ దేశములలో 180 దినములలో 90 దినములకు మించని నివాసమునకు స్వల్పకాల వీసా చాలును. బ్రిటనులో గుర్తింపు పొందిన విద్యాలయమున ఆరు నెలలలోపు చదువు సందర్శకుల వీసాతో చదువవచ్చును. అమెరికాలో నియమము వేరు: డిగ్రీకి క్రెడిట్లు వచ్చు చదువు ఎంత కురుచదైనను పర్యాటకుల వీసాతో చదువరాదు, విద్యార్థి వీసా పొందవలెను. ఈ భేదము తెలియక చిక్కులలో పడుటకంటె ముందుగా విచారించుట మేలు.

ప్రయాణమునకు ముందుగాని, తిరిగి వచ్చిన పిదపగాని చేయవలసిన పని సగమునకు దగ్గరగా నుండవచ్చునని క్రెడిట్ల లెక్కలో చూచితిమి. చూచినది మరువకముందే వ్రాయవలెను. ఆ వ్రాతలో చూచిన వింతల పట్టికకంటె, బయలుదేరునప్పుడు తాను నమ్మిన ఏ విషయము తప్పని తేలినదో చెప్పుట ముఖ్యము. అట్టిది ఒక్కటైనను లేనిచో ఆ విద్యార్థి ఇల్లు కదలనట్లే.

రెండు భాషల ఇండ్లు

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారి బిడ్డలకు ఈ చదువున ఒక సహజమైన అనుకూలత కలదు. దానిని వారును, వారి పెద్దలును సాధారణముగ గుర్తింపరు. బళ్ళారి బాలుడు ఇంట తెలుగు, వీధిలో కన్నడము మాటలాడును. బరంపురములో ఒరియా, హోసూరులో తమిళము, షోలాపురములో మరాఠీ అట్లే వీధిభాషలు. 1954 వరకు ఫ్రెంచి పాలనలో నున్న యానాములో ఇంట తెలుగు, కచ్చేరిలో ఫ్రెంచి నడచెను. ఇంటి గడప దాటగానే భాషను మార్చుట, భాషతోబాటు మర్యాదను మార్చుట ఈ బిడ్డలకు పుట్టుకతో అలవడిన విద్య. తెలుగులోని మనము, మేము అను భేదము తమిళమున, మరాఠీలో కలదనియు, కన్నడమున నావు అను ఒక్క మాటయే రెండింటికి చెల్లుననియు వారు ఎవరును చెప్పకయే ఎరుగుదురు. డెలావేర్ విద్యార్థులు ఆరు వారములు నాన్సీలో కూర్చుండి అలవరచుకొనజూచినది ఇట్టి చురుకునే.

ఐనను కొన్ని ఇండ్లలో తెలుగు బరువనియు, దానివలన ఉద్యోగము రాదనియు తలంచి బిడ్డను తెలుగు తరగతినుండి మాన్పించుచున్నారు. ఆ బిడ్డయే కళాశాలకు వచ్చిన పిదప, పరసంస్కృతులలో మెలగు నేర్పు కలుగుటకని పెద్దమొత్తము వెచ్చించి పదిహేను దినములు పరదేశమునకు పంపుదురు. ఇంట ఉచితముగ నున్న నేర్పును పోగొట్టి, దానినే వెలకు కొనబోవుట ఏమి లాభము?

షోలాపురములో తెలుగు పద్మశాలీల మరమగ్గములపై దుప్పట్లు, తువ్వాళ్ళు నేయబడుచున్నవి. అట్టి ఇంటి విద్యార్థి ప్రాతో వంటి పట్టణమునకు పోయినచో వెంట తీసికొనిపోదగిన ప్రశ్న అతని ఇంటిలోనే కలదు: మా తువ్వాలును పోలిన తువ్వాలు ఇచ్చట ఏ ధరకు అమ్ముచున్నారు, ఆ ధరలో మగ్గమువద్ద నిలిచినవానికి వచ్చునదెంత? ఈ ప్రశ్న అడుగుటకు అతనికి మగ్గము తెలియవలెను, మగ్గముయొక్క మాటలు తెలియవలెను. అవి ఇంటి తెలుగులో నున్నవి.

దీనికి సన్నాహము ఊరిలోనే చేయవచ్చును. తెలుగు సంఘములు, తెలుగు పాఠశాలలు కలసి వేసవిలో పైతరగతుల బాలబాలికలకు రెండు వారముల అభ్యాసము నేర్పాటు చేయుట కష్టము కాదు. పాసుపోర్టు, వీసా అక్కరలేదు. ఒక్కొక్కరు ఒక నోటుపుస్తకము తీసికొని ఊరి సంతకు, నూలుకొట్టునకు, ధాన్యపు మండీకి పోవలెను. పుటకు మూడు గళ్ళు గీసి, మొదటిగడిలో విన్న మాటను తెలుగులోను స్థానికభాషలోను, రెండవదానిలో అది ఎవరు ఎవరితో అన్నదో, మూడవదానిలో నాటి ధరను వ్రాయవలెను. చివర రెండు పుటల వ్యాసము వ్రాసి, ఒక ప్రతిని తెలుగు ఉపాధ్యాయునికి, ఒక ప్రతిని స్థానికభాషోపాధ్యాయునికి చూపవలెను. ఇట్లు అభ్యసించిన బిడ్డ కళాశాలకు పోయి, అవకాశము దొరకి పరదేశమునకు బయలుదేరినచో, రెండు వారములు అతనికి తక్కువ కావు. అవకాశము దొరకకున్నను ఆ నోటుపుస్తకము అతనియొద్ద నుండును. తాను పుట్టిన ఊరిలోని ఇరుగుపొరుగుల భాషను, బేరమును ఎరిగినవాడగును.